ఆరేళ్ళుగా రోజూ వయొలిన్ సాధన చేస్తున్నా ముందుకు వెళ్ళడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: నాకు 37 ఏళ్ళు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చిన్నప్పుడు రెండేళ్ళు నేర్చుకుని మానేసిన కర్ణాటక వయొలిన్‌ని ఆరేళ్ళ కిందట మళ్ళీ మొదలుపెట్టాను. రోజూ పొద్దున్నే గంటసేపు సాధన చేస్తాను, దాదాపు ఒక్కరోజు కూడా మానను. పది వర్ణాలు (కచేరీ మొదట్లో వాయించే అభ్యాస రచనలు), ఇరవై కీర్తనలు వచ్చాయి. కానీ రెండేళ్ళుగా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. పది వేల గంటలు చేస్తే ఎవరికైనా వస్తుందంటారు, నా లెక్కన అది 27 ఏళ్ళు. నాకు అసలు టాలెంట్ లేదా? ఉద్యోగంలోనూ ఇలాగే ఆగిపోయానని అనిపిస్తోంది. దసరాకి మా అపార్ట్‌మెంట్‌లో వాయించమంటున్నారు, ఇంకా మూడు నెలలుంది. ఒప్పుకోవాలా?

అమ్మా, ఆరేళ్ళు మానకుండా కూర్చున్నారంటే మీకు పట్టుదల లేదని ఎవరూ అనలేరు. విశాఖపట్నంలో ముప్పై ఏళ్ళకు పైగా వయొలిన్ చెబుతున్నాను. పెద్దయ్యాక వచ్చి చేరినవాళ్ళలో ఏడాది దాటి నిలబడేవాళ్ళే తక్కువ. అందుకని ఇంకో అరగంట పెంచమని మీకు చెప్పను.

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఎన్నేళ్ళు, ఎన్ని గంటలు, ఎన్ని వర్ణాలు, ఎన్ని కీర్తనలు, అన్నీ రాశారు. మీ వాయింపులో ఏం బాగాలేదో మాత్రం ఒక్క ముక్క కూడా రాయలేదు. ఏ స్వరం దగ్గర పోతోంది, ఏ కాలంలో, అంటే ఏ వేగంలో పోతోంది, ఏ వేలు, కమాను (తీగ మీద లాగే బద్ద) ఎటు వెళ్ళేటప్పుడు? మీరు కావాలని రాయకపోవడం కాదు, మీకే తెలియదని నా అనుమానం. మీరు వాయిస్తున్నది మీకు వినబడటం లేదు. మీ చిక్కంతా అక్కడే ఉంది, గంటల్లో లేదు.

ఇది మిమ్మల్ని తక్కువ చేసి అంటున్న మాట కాదు. నాకూ ఇదే జరిగింది.

నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు ఒక గుడిలో నవరాత్రులకి సోలో కచేరీ చేశాను. అప్పటికి డిప్లొమా పాసయ్యాను, చిన్న చిన్న కచేరీలకి పక్కవాద్యం వాయిస్తున్నాను. ముందు వరసలో కూర్చున్న ఒకాయన టేప్ రికార్డర్‌లో కచేరీ అంతా రికార్డ్ చేసి, వారం తర్వాత క్యాసెట్ ఇంటికి తెచ్చి ఇచ్చారు. సాయంత్రం పని ముగించుకుని అమ్మ, నేను సంబరంగా పెట్టుకున్నాం. మోహన రాగ వర్ణంతో మొదలవుతుంది. నిమిషం గడవకముందే నా ఒళ్ళు చల్లబడింది. గాంధారం, అంటే 'గ' స్వరం, ఉండాల్సిన శ్రుతి కంటే తగ్గి ఉంది. ఒకసారి కాదు, వచ్చిన ప్రతిసారీ తగ్గే ఉంది. రెండో కాలంలోకి, అంటే రెట్టింపు వేగంలోకి వెళ్ళాక ఇంకో సంగతి తెలిసింది. వేదిక మీద ఉన్నంతసేపూ మృదంగం వాయించినాయన వెనక్కి లాగుతున్నారనుకుని లోపల విసుక్కున్నాను. క్యాసెట్‌లో ఆయన తాళం నిలకడగా ఉంది. నేనే ముందుకు పరుగెత్తుతున్నాను, ఆయన నన్ను పట్టి ఆపుతున్నారు. అమ్మ "బాగానే ఉంది కదే" అంది. నేను క్యాసెట్ ఆపేశాను.

మర్నాడు గురువుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన వర్ణం వరకూ విని, "ఇది నీకు నిన్న వినబడిందా? నాకు నాలుగేళ్ళుగా వినబడుతోంది" అన్నారు. నిజమే. ఆ నాలుగేళ్ళూ ఆయన "గాంధారం, గాంధారం" అంటూనే ఉన్నారు. అన్నప్పుడల్లా నేను వేలు కాస్త పైకి జరిపేదాన్ని. ఇంటికి రాగానే అది మళ్ళీ పాత చోటికే పోయేది. అప్పటిదాకా ఆయన చెవితో సరిచేసుకున్నాను, నా చెవితో కాదు. ఆయన పక్కన లేకపోతే సరిచేసేవాళ్ళే లేరు.

ఆ తర్వాత మూడు వారాలు ఆయన నన్ను వర్ణం ముట్టుకోనివ్వలేదు. తంబురా పక్కన కూర్చోబెట్టి, వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని ఊరికే వినమన్నారు. చక్కగా శ్రుతి కలిసిన తంబురాలో మంద్ర షడ్జం (కింది 'స') తీగ మీటితే, అది సన్నగిల్లేటప్పుడు అందులోంచి అంతర గాంధారం (గాంధారాల్లో ఎత్తైనది) దానంతట అదే పలుకుతుంది. ఎవరూ మీటకుండా పలుకుతుంది కాబట్టి దాన్ని స్వయంభూ గాంధారం అంటారు. మొదటి రెండు రోజులు నాకేమీ వినబడలేదు. మూడో రోజు వినబడింది. ఒకసారి వినబడ్డాక ఇక వినకుండా ఉండలేకపోయాను. అప్పుడు కమాను వేయమన్నారు. షడ్జం, రిషభం, గాంధారం, అంతే. గాంధారం మీద ఆగి, తంబురాలో ఉన్నదానితో కలిసిందో లేదో నేనే చెప్పాలి. ఆయన అవును కాదు అనరు. "తక్కువ" అని నేనన్నాక "ఎంత తక్కువ?" అని అడిగేవారు.

తప్పు ఎక్కడ పుట్టిందో కూడా ఆ మూడు వారాల్లోనే తెలిసింది. మనందరం మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలతో, అంటే మొట్టమొదటి పాఠాలతో మొదలుపెడతాం కదా. అందులో శుద్ధ రిషభం షడ్జానికి ఆనుకుని ఉంటుంది, అంతర గాంధారం దానికి బాగా దూరంగా ఉంటుంది. చూపుడు వేలు వెనక్కి, మధ్య వేలు ముందుకి చాచాలి. తొమ్మిదేళ్ళ పిల్ల చెయ్యి అంత సాగదు, వేలు కొంచెం ముందే ఆగిపోతుంది. తొమ్మిదేళ్ళప్పుడు ఆగిన చోటే ఇరవై ఆరేళ్ళప్పుడూ ఆగుతోంది. చెయ్యి పెరిగింది, అలవాటు పెరగలేదు. మధ్యలో ఉన్న పదిహేడేళ్ళ సాధన ఆ తప్పుని పోగొట్టకపోగా గట్టిపరిచింది.

ఏదైనా కొత్తగా నేర్చుకునేటప్పుడు మనసంతా దాని మీదే ఉంటుంది. నలభై, యాభైసార్లు చేశాక చేతికి అలవాటవుతుంది, మనసు పక్కకి తప్పుకుంటుంది. చెయ్యి తిరగడం అంటే అదే, అది లేకపోతే ఏ పనీ సాగదు. అయితే చేతికి మంచి చెడు తెలియదు. సరైనదాన్ని ఎలా పట్టుకుంటుందో, తప్పుని కూడా అంతే నమ్మకంగా పట్టుకుంటుంది. ఇరవై ఏళ్ళుగా సంతకం పెడుతున్నాం, మన దస్తూరీ ఏమైనా బాగుపడిందా? మీరు పొద్దున్నే పదో వర్ణం మొదటి నుంచి చివరిదాకా వాయిస్తున్నప్పుడు జరుగుతున్నదీ సరిగ్గా అదే. సంతకం పెడుతున్నారు.

ఇక పది వేల గంటల సంగతి. దీని వల్ల చాలామంది నిరాశపడుతున్నారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 1993లో ఆండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఇద్దరు సహచరులతో కలిసి, బెర్లిన్‌లోని ఒక సంగీత కళాశాలలో వయొలిన్ విద్యార్థుల మీద చేసిన పరిశోధన ప్రచురించారు. అందరికంటే బాగా వాయించేవాళ్ళు 18 ఏళ్ళ వయసు వచ్చేసరికి సగటున 7,410 గంటలు ఒంటరిగా సాధన చేశారు. వాళ్ళ తర్వాతి బృందం 5,301 గంటలు, సంగీతం టీచర్లు కావడానికి చదువుతున్నవాళ్ళు 3,420 గంటలు. మొదటి బృందం 20 ఏళ్ళకి చేరిన సగటే సుమారు పది వేలు. అది సగటు, దాటాల్సిన గీత కాదు. పది వేలు నిండగానే తలుపు తెరుచుకుంటుందని ఎరిక్సన్ ఎప్పుడూ చెప్పలేదు. ఆయన పట్టుబట్టింది ఎలాంటి గంటలు అన్నదాని మీద. ఒక నిర్దిష్టమైన లోపం ఎంచుకోవాలి, దాన్ని సరిచేయడానికే తయారైన అభ్యాసం చేయాలి, సరిగ్గా వచ్చిందో లేదో వెంటనే తెలియాలి, మళ్ళీ చేయాలి. దీన్నే డెలిబరేట్ ప్రాక్టీస్ అన్నారు. ఊరికే వాయించుకోవడాన్ని ఆయన ఆ లెక్కలో వేయలేదు. మన గురువులు గాంధారం దగ్గర కూర్చోబెట్టి చేయించింది ఇదేనని నాకు అది చదివినప్పుడు అర్థమైంది.

ఆ లెక్కల మీద తర్వాత వాదనలూ వచ్చాయి, అవీ తెలుసుకోవాలి. 2014లో బ్రూక్ మెక్‌నమారా బృందం అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే, సంగీతంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో సుమారు 21 శాతమే సాధనతో వివరించగలిగారు. 2019లో బెర్లిన్ పరిశోధనని తిరిగి చేసినప్పుడు, బాగా వాయించేవాళ్ళకీ, అందరికంటే బాగా వాయించేవాళ్ళకీ గంటల్లో తేడాయే కనబడలేదు. అంటే గంటలు ఒక్కటే కథంతా కాదు. మొదలుపెట్టిన వయసు, నేర్పినవాళ్ళు, పుట్టుకతో వచ్చినది, వినికిడి, ఇంట్లో వాతావరణం లాంటివి చాలా ఉన్నాయి. మీకు టాలెంట్ ఉందా లేదా అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పుడు దాని అవసరమూ లేదు. ఆరేళ్ళుగా తీయని తలుపు ఒకటి మీ ముందుంది, ముందు దాన్ని తీద్దాం.

రేపు పొద్దున్న చేయాల్సింది ఇది. మీకు బాగా వచ్చిన వర్ణంలోంచి ఒక్క చరణం, దాని మొదటి చిట్టస్వరం (చరణం తర్వాత వచ్చే స్వరాల వరస) తీసుకోండి. తంబురాలా శ్రుతినిచ్చే శ్రుతి బాక్స్ పెట్టండి. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి రెండు కాలాల్లో ఒక్కసారి వాయించండి. మధ్యలో ఆగకండి, మళ్ళీ మొదలుపెట్టకండి. వాయించడం కాగానే రికార్డు వినకండి. ముందు నోట్‌బుక్ తీసి, ఎక్కడెక్కడ పోయిందనుకుంటున్నారో రాయండి. "రెండో ఆవృత్తంలో ధైవతం తగ్గింది. రెండో కాలంలో చివర తొందరపడ్డాను." ఇలా మూడో నాలుగో వాక్యాలు (ఆవృత్తం అంటే తాళం ఒక చుట్టు). ఇది మీ అంచనా. ఇప్పుడు రికార్డు వినండి, చేత్తో తాళం వేస్తూ వినండి. నిజంగా వినబడింది పక్కన రాయండి.

ఈ రెండు వరసలకీ మధ్య ఉన్న దూరమే మీరు తగ్గించాల్సింది. రికార్డు వినమని అందరూ చెబుతారు. వినే ముందు అంచనా రాయమని నేను ఎందుకంటున్నానంటే, రాయకపోతే విన్నాక "అవును, నాకు తెలుసు" అనిపిస్తుంది. తెలియదు. రాసి ఉంటే బుకాయించడానికి ఉండదు. నా శిష్యులతో ఇది ఎన్నోసార్లు చేయించాను. మొదటి వారం అంచనా ఒకటి, నిజం ఇంకొకటి. పోయిందనుకున్న చోట బాగానే ఉంటుంది, హాయిగా వాయించానన్న చోట శ్రుతి జారి ఉంటుంది. నెల తిరిగేసరికి రెండూ దగ్గరపడతాయి. ఆ తర్వాత ఒక రోజు వాయిస్తూ ఉండగానే, వేలు తీగ మీద పడుతున్న క్షణంలోనే, "ఇది తక్కువ" అని తెలుస్తుంది, వేలు దానంతట అదే సర్దుకుంటుంది. ఆ రోజు నుంచి మీరు ఒంటరిగా కూర్చున్నా పక్కన గురువు ఉన్నట్టే. స్వీయ అవగాహన అని పెద్ద పేరు పెడతారు గాని, వయొలిన్ దగ్గర దాని అర్థం నాకు ఇంతే.

తప్పు దొరికాక దాన్ని ముక్క చేయండి. వర్ణం మొత్తం కాదు, చరణం కాదు, నాలుగు స్వరాలు. మొదటి కాలంలో బాగా వచ్చి రెండో కాలంలో పోయే చోట్లకి అందరూ "నెమ్మదిగా వంద సార్లు వాయించు" అంటారు. నేను అంత తేలిగ్గా ఒప్పుకోను. నెమ్మదిగా వాయించేటప్పుడు చెయ్యి చేసే పని వేరు, వేగంలో చేసే పని వేరు. నెమ్మదిలో కమాను సగం దాకా వాడతారు, వేగంలో రెండంగుళాలు కూడా దాటదు. కాబట్టి నాలుగు స్వరాల్లో మొదటి రెండిటినీ పూర్తి వేగంతో వాయించి ఆగండి. వేళ్ళు వదులు చేయండి. తర్వాత రెండోది, మూడోది. ఆగండి. మూడోది, నాలుగోది. ఏ జంట దగ్గర చిక్కుకుంటుందో అప్పుడు పట్టుబడుతుంది. నా అనుభవంలో చాలావరకూ తప్పు ఎడమ చేతిలో ఉండదు. వేలు సరిగ్గానే వెళ్ళి ఉంటుంది, కమాను తిరగడం ఒక వెంట్రుకవాసి ముందో వెనకో అయి ఉంటుంది. ఏళ్ళ తరబడి వేళ్ళని తిడుతూ కూర్చున్నవాళ్ళని చూశాను.

వరసగా ఐదుసార్లు సరిగ్గా వచ్చిందా, ఆ ముక్క వదిలేసి ఇంకో ముక్కకి వెళ్ళండి, పది నిమిషాల తర్వాత మళ్ళీ దానికి రండి. తిరిగి వచ్చిన మొదటిసారి ఎలా వచ్చిందన్నదే లెక్క. ఒకే ముక్క యాభైసార్లు వాయిస్తే యాభయ్యోసారి బ్రహ్మాండంగా వస్తుంది, మర్నాడు పొద్దున్న మళ్ళీ మొదటికే వస్తుంది. కచేరీలో మనకి ఇచ్చేది ఒక్కసారే.

సాధన చేసేటప్పుడు మీ ఒంటిని కూడా గమనించండి. నా శిష్యుల్లో ఒకావిడ బ్యాంకు ఉద్యోగం చేస్తారు, యాభై దాటాక చేరారు. ఆవిడకి మూడో అలంకారం (తాళంతో చేసే స్వర అభ్యాసం) రెండో కాలంలో ధ్వని బిరుసుగా వచ్చేది. కమాను పట్టు మార్చాం, కమానుకి రాసే రోజిన్ మార్చాం, తీగలు మార్చాం. ఏదీ కుదరలేదు. ఒకరోజు ఎదురుగా కూర్చుని ఊరికే ఆవిడ ముఖం చూశాను. రెండో కాలం మొదలవడానికి ఒక అక్షరం ముందు పళ్ళు బిగపడుతున్నారు. దవడ బిగిస్తే భుజం లేస్తుంది, భుజం లేస్తే కమాను తీగ మీద గట్టిగా నొక్కుకుంటుంది. "దవడ" అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోయి, "మా మేనేజర్ ఫోన్ వచ్చినప్పుడూ ఇలాగే చేస్తానండీ" అన్నారు. ఆ రోజు నుంచి రెండో కాలానికి ముందు నోరు కాస్త తెరిచి ఊపిరి వదిలి అప్పుడు ఎత్తుకునేవారు. రెండు వారాల్లో ధ్వని మెత్తబడింది. మీకు ఎక్కడ బిగుసుకుంటుందో నాకు తెలియదు. మెడ కావచ్చు, కమాను పట్టిన బొటనవేలు కావచ్చు, కుడి చీలమండ మీద ఆనించిన వయొలిన్ జారుతుందేమోనన్న భయంతో మోకాలు కావచ్చు. ఫోన్‌ని ఎదురుగా పెట్టి ఒకసారి వీడియో తీసుకుంటే కనబడుతుంది.

మా గురువుగారు ఇంకొకటి చేయించేవారు, కళ్ళు మూసుకుని వాయించడం. మేం వేళ్ళని చూస్తూ వాయించేవాళ్ళం. కళ్ళు పని చేస్తుంటే చెవి బద్ధకిస్తుంది. అప్పుడు ఆయన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి మాట ఎత్తేవారు. విజయనగరంలో మహారాజా వారు 1919లో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని ప్రిన్సిపాల్‌గా నియమించినప్పుడు, ద్వారం వారు అక్కడ వయొలిన్ ఆచార్యులయ్యారు. 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయనకి చూపు మందం. "అంతటాయన దేన్ని నమ్ముకుని వాయించారో ఆలోచించు, కళ్ళు మూసుకో" అనేవారు గురువుగారు. రోజుకి ఐదు నిమిషాలు మీరూ చేసి చూడండి.

మీరు గమనించుకోవాల్సింది ఇంకొకటి ఉంది, ఇది కాస్త నొప్పి పెట్టే విషయం. వారం రోజులు, సాధనలో ఏ నిమిషంలో ఏం వాయించారో రాసి పెట్టండి. గంటలో నలభై నిమిషాలు బాగా వచ్చినవే వాయిస్తున్నట్టు తేలుతుందని నా అనుమానం. బాగా వచ్చినది వాయిస్తే సంతోషంగా ఉంటుంది, పొద్దున్నే ఆ సంతోషం కావాలి కూడా. దాన్ని మానమని చెప్పను. చివరి పదిహేను నిమిషాలు దానికే ఉంచుకోండి, హాయిగా వాయించుకోండి. దాన్ని సాధన లెక్కలో మాత్రం రాయకండి. అసలు పని మొదటి నలభై నిమిషాల్లో, మధ్యలో ఐదు నిమిషాల విరామంతో జరగాలి. నిజంగా చెవి పెట్టి చేస్తే నలభై నిమిషాలకే తల బరువెక్కుతుంది. అలసట రాకపోతే చెవి పెట్టలేదనే అర్థం. బెర్లిన్ విద్యార్థుల్లో బాగా వాయించేవాళ్ళు కూడా ఒక్క బిగిన గంటలు గంటలు చేయలేదు, విడతలుగా చేసి మధ్యాహ్నం నిద్రపోయేవాళ్ళు. రాత్రి రెండింటిదాకా ఆఫీస్ కాల్స్ ఉన్న రోజు మర్నాడు సాధన మానేసి నిద్రపోండి. మానని రికార్డు కోసం నిద్రకళ్ళతో వాయిస్తే ఆ గంటలో గట్టిపడేది తప్పులే.

మీ గురువుగారిని మార్చాలా అని మీరు అడగలేదు గాని, మనసులో ఉండే ఉంటుంది. మార్చొద్దు. ఆయనకో ఆవిడకో మీ నోట్‌బుక్ చూపించండి. "నాకు ఇది వినబడింది, మీకేం వినబడుతోంది?" అని అడగండి. మంచి గురువు ఎవరైనా ఆ ప్రశ్నకి సంతోషిస్తారు. చాలామంది శిష్యులు అడిగేది "తర్వాతి కీర్తన ఎప్పుడండీ" అని. పదకొండో వర్ణం ఆరు నెలలు వద్దనండి.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. ఇక్కడ నేను జాగ్రత్తగా మాట్లాడాలి. వయొలిన్ బాగుపడితే ఉద్యోగం దానంతట అదే బాగుపడుతుందని చెప్పేవాళ్ళని నమ్మకండి. ఎరిక్సన్ తొలినాళ్ళలో చేసిన ప్రయోగం ఒకటుంది, 1980లో ప్రచురించారు. ఒక కాలేజీ కుర్రాడికి సెకనుకొకటి చొప్పున అంకెలు చదివి వినిపించి తిరిగి చెప్పమనేవారు. మొదట్లో అందరిలాగే ఏడు అంకెలు చెప్పేవాడు. ఇరవై నెలల్లో, దాదాపు 230 గంటల అభ్యాసంతో, 79 అంకెలు చెప్పగలిగాడు. అతను పరుగు పందేల కుర్రాడు. అంకెలని పరుగు పందెం సమయాలుగా మార్చుకుని గుర్తుపెట్టుకునేవాడు. అప్పుడు అంకెల బదులు అక్షరాలు చదివారు. ఆరు దగ్గర ఆగిపోయాడు. పెరిగింది అతని జ్ఞాపకశక్తి కాదు, అంకెలు పట్టే ఒడుపు. అందుకే వయొలిన్ మీద పెట్టిన చెవి ఆఫీసులో అక్కరకి రాదు. అక్కడ మళ్ళీ మొదటి నుంచి చెవి పెట్టాలి.

పైగా ఉద్యోగంలో ఇది ఇంకా కష్టం. ఇందాక చెప్పిన 2014 పరిశీలనలోనే, ఉద్యోగాల దగ్గరికి వచ్చేసరికి సాధన వల్ల వచ్చే తేడా ఒక శాతం కూడా తేలలేదు. నాకు తోచిన కారణం ఇది: గాంధారం తగ్గితే తంబురా ఆ క్షణంలోనే చెబుతుంది, ఆఫీసులో ఏం తగ్గిందో చెప్పడానికి తంబురా లేదు. అప్రైజల్ ఏడాదికి ఒకసారి వస్తుంది, అదీ ఎవరి మాటల్లోనో వస్తుంది. కాబట్టి అక్కడ తంబురాని మీరే తయారు చేసుకోవాలి.

నేనెలా చేసుకున్నానో చెబుతాను. 2020లో కరోనా వల్ల పాఠాలన్నీ ఆన్‌లైన్‌కి మారాయి. అమెరికాలో ఉన్న ఒక పాప వాళ్ళమ్మ పాఠాలు రికార్డ్ చేసేది, ఒకటి నాకూ పంపింది. పాప తప్పులు చూద్దామని పెట్టాను. వినబడింది నా తప్పు. పాప ఆవృత్తం ముగించకముందే నేను మాట్లాడేస్తున్నాను. "గాంధారం తక్కువ, కమాను తిప్పు, తాళం చూసుకో." ముప్పావు గంటలో ఆ పిల్ల పల్లవి మొదటి నుంచి చివరిదాకా రెండేసార్లు వాయించగలిగింది. పాతికేళ్ళు పాఠం చెప్పిన అనుభవం ఉందనుకున్నదాన్ని, పిల్లల చెవికి పని లేకుండా చేస్తున్నానని అప్పటిదాకా తెలియలేదు. గురువుగారు నాకు చేసినదానికి సరిగ్గా వ్యతిరేకం చేస్తున్నాను. ఆ రోజు చాలాసేపు దిగులుగా కూర్చున్నాను. తర్వాత ఒక్కటే నియమం పెట్టుకున్నాను. పిల్ల వాయించడం ఆపాక, మనసులో ఒక లఘువు, నాలుగు అక్షరాలు లెక్కపెట్టి, అప్పుడు మొదటి మాటగా "నీకేం వినబడింది?" అని అడగాలి. దాన్ని చేతికి అలవాటు చేసుకోవడానికి ఏడాది పట్టింది. ఇప్పటికీ నెలకొక పాఠం రికార్డ్ చేసి వింటాను.

మా అబ్బాయి మీ రంగంలోనే ఉన్నాడు కాబట్టి ఒక్క ఉదాహరణ ధైర్యంగా చెప్పగలను. వాడు ఏ పని చేతికొచ్చినా, ఇది ఎన్ని రోజులు పడుతుంది, ఎక్కడ ఇరుక్కుంటాను అని ముందు ఒక కాగితం మీద రాస్తాడు. అయ్యాక ఏం జరిగిందో కింద రాస్తాడు. రెండు రోజులన్నది ఐదు రోజులు పట్టేది. కొన్నాళ్ళకి తేలిందేమిటంటే, కోడ్ రాయడంలో వాడి అంచనా సరిగ్గానే ఉంది. వేరే టీమ్‌వాళ్ళని ఒక మాట అడగడానికి మొహమాటపడి రోజులు నెడుతున్నాడు. "ఇంకా బాగా కోడ్ రాయాలి" అని ఆన్‌లైన్ కోర్సుల మీద కోర్సులు చేస్తున్నవాడికి అసలు లోపం అక్కడ కనబడింది. మీరూ మీ పనిలో అలాంటి ఒక్క చిన్న ముక్క ఎంచుకోండి. మీటింగ్‌లో చెప్పే ఐదు నిమిషాలు కావచ్చు, పంపే మెయిల్ కావచ్చు. ముందు అంచనా, తర్వాత నిజం. రెండు నెలలు ఒకే ముక్క. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏదీ నిలవదు. నా సలహా అడిగితే దసరా దాకా వయొలిన్ ఒక్కటే చూసుకోండి.

దసరాకి ఒప్పుకోండి. మూడు నెలలు చాలు. ఒక వర్ణం రెండు కాలాల్లో, ఒక చిన్న కీర్తన, పది నిమిషాలు దాటొద్దు. కొత్తది పెట్టుకోకండి. మీకు మీరు బాగా వినబడే రాగం ఎంచుకోండి. చివరి నెలలో వారానికి రెండుసార్లు, పొద్దున్న లేచి వయొలిన్ తీయగానే, వేళ్ళు వేడెక్కకముందే, రికార్డర్ ఆన్ చేసి మొత్తం ఒక్కసారి వాయించండి. అపార్ట్‌మెంట్ హాల్లో మీరు వాయించబోయేది ఆ చల్లటి చేతులతోనే. శ్రుతి బాక్స్ మీ చెవి పక్కనే ఉండేలా చూసుకోండి, మైకువాళ్ళు దూరంగా పెడతామంటే ఒప్పుకోకండి. టెన్షన్‌లో అందరం పరుగెత్తుతాం, కాబట్టి ఎత్తుకునే ముందు పల్లవి మనసులో ఒక ఆవృత్తం అనుకుని, దానికంటే కొంచెం నెమ్మదిగా మొదలుపెట్టండి. అది మీకు మరీ నెమ్మదిగా అనిపిస్తుంది. వినేవాళ్ళకి సరిగ్గా ఉంటుంది.

ముందు వరసలో ఎవరికైనా మీ ఫోన్ ఇచ్చి రికార్డ్ చేయమనండి. ఆ రాత్రి ఇంటికి వచ్చాక రికార్డు వినకండి. నోట్‌బుక్‌లో మీ అంచనా రాసి పెట్టి పడుకోండి. మర్నాడు పొద్దున్న వినండి. రెండు వరసలూ నాకు రాయండి, ఎక్కడ తేడా వచ్చిందో చూసి తర్వాత ఏ ముక్క పట్టుకోవాలో చెబుతాను.